ఆఫీసు ఫైళ్లు క్లౌడ్‌లో పెట్టేముందు: పట్టా ఎవరి పేరు మీద, తాళంచెవి ఎవరి దగ్గర?

జూలై నెలాఖరు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుల గడువు ముంచుకొస్తోంది. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో రాత్రి తొమ్మిది దాటినా ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. ఒక పెద్దాయన రిటర్ను వ్యవహారం డల్లాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి చూసుకుంటాడు. ఆఫీసులో పనిచేసే అమ్మాయి అతనికి గూగుల్ డ్రైవ్ లింకు పంపింది. అతనికి తెరుచుకోలేదు, 'రిక్వెస్ట్ యాక్సెస్' అని వచ్చింది. ఫోన్ చేశాడు. మళ్లీ పంపింది, మళ్లీ అదే. మూడోసారి ఫోన్ వచ్చేసరికి ఆ అమ్మాయి షేర్ బటన్ నొక్కి, 'రిస్ట్రిక్టెడ్' అని ఉన్నచోట 'ఎనీవన్ విత్ ది లింక్' పెట్టి, పక్కనున్న 'వ్యూయర్'ని 'ఎడిటర్' చేసి, లింకు వాట్సాప్‌లో పెట్టేసింది. ఈసారి తెరుచుకుంది. రిటర్ను ఆ రాత్రే దాఖలైంది.

ఆమె తెరిచింది ఫైలును కాదు, ఆ ఫైలున్న ఫోల్డరును. అందులో ఆ ఇంట్లో నలుగురి పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16లు ఉన్నాయి. ఎనిమిది నెలల తర్వాత నేను ఆ ఆఫీసు కంప్యూటర్లు సరిచేయడానికి వెళ్లి చూస్తే ఆ తలుపు ఇంకా బార్లా తెరిచే ఉంది. లింకు దొరికిన ఎవరైనా సరే లోపలికి వచ్చి మార్చొచ్చు, చూడటానికైతే లాగిన్ కూడా అవసరం లేదు. ఆ లింకేమో అప్పటికే వాళ్ల బంధువుల వాట్సాప్ గ్రూపులో ఉంది.

ఆ అమ్మాయిది తప్పని నేను అనను. గడువు నెత్తిమీద ఉన్నప్పుడు మనిషి దగ్గరి దారే తొక్కుతాడు. ఏ సర్వీసు తీసుకోవాలా అని ఆలోచించేటప్పుడు అందుకే నేను ఎన్ని జీబీలు ఇస్తారన్నది ఆఖర్న చూస్తాను. ముందు చూసేవి రెండు. ఫైలు ఎవరి పేరు మీద ఉంటుంది? దాని తాళం ఎన్ని చేతులు మారగలదు?

పట్టా సంగతి

పొలం ఎవరు దున్నినా పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందన్నదే చివరికి తేలుతుంది. క్లౌడ్‌లో ఫైలుదీ అంతే. మామూలు జీమెయిల్‌తో వచ్చే గూగుల్ డ్రైవ్‌లో ఎవరు ఫైలు సృష్టిస్తే వాళ్లే ఓనరు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: మీరు మీ పేరు మీద ఒక ఫోల్డరు చేసి పదిమందికి ఎడిటర్ హక్కు ఇచ్చారనుకోండి. అందులో రమేష్ ఒక కొత్త షీటు చేస్తే, ఫోల్డరు మీదే అయినా ఆ షీటు రమేష్ దే. అతను దాన్ని చెరిపేస్తే ట్రాష్‌లోకి వెళ్తుంది, 30 రోజుల తర్వాత దానంతటదే పోతుంది.

నాకు తెలిసిన మరో ఆఫీసులో అచ్చంగా ఇదే జరిగింది. ఆర్టికల్స్ (సీఏ చదివేవాళ్లు ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) పూర్తిచేసుకున్న కుర్రాడు చక్కగా అందరికీ చెప్పి, స్వీట్లు పంచి వెళ్లాడు. కొన్నాళ్లకు అతని జీమెయిల్ ఉచిత 15 జీబీ నిండిపోయింది. ఇక తనకు అవసరం లేదనుకుని పాత ఆఫీసు షీట్లన్నీ చెరిపేశాడు. మూడు నెలల తర్వాత ఒక క్లయింటుకు జీఎస్టీ నోటీసు వచ్చింది. ఆ ఏడాది వర్కింగ్ షీట్లు వెతికితే ఒక్కటీ లేదు. అతనికి ఫోన్ చేస్తే నిజంగానే కంగారుపడ్డాడు, పాపం. అతని మనసులో చెడు లేదు, ఆఫీసులోనూ అజాగ్రత్త మనుషులు లేరు. పట్టా తప్పు పేరు మీద ఉంది, అంతే. జీఎస్టీఆర్-2బీలు (కొనుగోళ్ల మీద పన్ను క్రెడిట్ చూపే జీఎస్టీ పత్రాలు) మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుని, పర్చేజ్ రిజిస్టర్లతో పోల్చి, పన్నెండు నెలల లెక్కలు మళ్లీ కట్టడానికి ఇద్దరికి వారం పైన పట్టింది.

కాబట్టి ఏ సర్వీసునైనా అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఉద్యోగి వెళ్లిపోతే ఫైళ్లు ఏమవుతాయి?"

గూగుల్ వర్క్‌స్పేస్ అనే డబ్బు కట్టే సర్వీసులో దీనికి 'షేర్డ్ డ్రైవ్' ఉంది. అందులో పెట్టిన ఫైలుకు మనిషి ఓనరు కాడు, సంస్థే ఓనరు. ఎవరు వచ్చినా ఎవరు పోయినా ఫైలు కదలదు. అయితే ఏ ప్లానులో ఏమేం ఇస్తున్నారో కొనేముందే చూసుకోండి. అన్నిటికన్నా చవక ప్లాను తీసుకుని తర్వాత వెతుక్కునేవాళ్లను చూశాను. బిజినెస్ స్టాండర్డ్‌లో షేర్డ్ డ్రైవ్ ఉంది, మనిషికి 2 టీబీ లెక్కన చోటూ వస్తుంది. ఉద్యోగి సొంత 'మై డ్రైవ్'లో ఉన్న ఫైళ్లను, అకౌంటు తీసేసేటప్పుడు అడ్మిన్ (ఆఫీసు అకౌంట్లన్నిటినీ నడిపే మనిషి) వేరేవాళ్లకు బదిలీ చేయొచ్చు. బదిలీ చేయడం మరిచిపోయి తీసేస్తే, ఆ అకౌంటును తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజుల గడువుంటుంది.

మైక్రోసాఫ్ట్ 365లో రెండు గదులున్నాయి. వన్‌డ్రైవ్ మనిషి గది, షేర్‌పాయింట్ ఆఫీసు గది. ఈ తేడా తెలియకే సగం గందరగోళం. ఆఫీసు ఫైళ్లన్నీ ఒక ఉద్యోగి వన్‌డ్రైవ్‌లో పెట్టి అక్కడినుంచి షేర్ చేసుకునే ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. ఆ ఉద్యోగి అకౌంటు తీసేశాక, మనం వేరే ఏర్పాటు చేసుకోకపోతే, అతని వన్‌డ్రైవ్ 30 రోజులే నిలుస్తుంది. షేర్‌పాయింట్‌లో పెడితే ఆ భయం లేదు. చెరిపేసిన ఫైలు కూడా 93 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల చాట్, మీటింగుల యాప్ టీమ్స్ వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: టీమ్స్ ఛానల్‌లో పెట్టిన ఫైలు షేర్‌పాయింట్‌లోకి వెళ్తుంది, విడిగా చాట్‌లో పంపిన ఫైలు పంపినవాళ్ల వన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. పట్టా మాత్రం వేరు.

జోహో వర్క్‌డ్రైవ్‌లో 'టీమ్ ఫోల్డర్' పద్ధతి మొదటినుంచీ సంస్థ పేరు మీదే నడుస్తుంది. చిన్న ఆఫీసుకు అర్థం చేయించడం నాకు ఇక్కడే తేలికైంది, ఎందుకంటే కొత్తగా చేరిన మనిషికి ఎదురుగా కనిపించేదే టీమ్ ఫోల్డర్లు. డ్రాప్‌బాక్స్ బిజినెస్ ప్లాన్లలోనూ టీమ్ ఫోల్డర్లున్నాయి. సొంతంగా సర్వర్ పెట్టుకునే నెక్స్ట్‌క్లౌడ్‌లో అయితే సర్వరే మీది. పట్టా, పొలం, కంచె, కాపలా అన్నీ మీవే, వాటి బరువుతో సహా.

ఒకే జీమెయిల్, పన్నెండు మంది

ఈ సర్వీసులన్నీ తలకు నెలకు ఇంత అని తీసుకుంటాయి. పైన 18 శాతం జీఎస్టీ. అందుకే "ఒక్క అకౌంటు తీసుకుని అందరం వాడుకుందాం" అన్న ఆలోచన ప్రతి చిన్న ఆఫీసులోనూ వస్తుంది. ఆఫీసు పేరుతో ఒక జీమెయిల్, పాస్‌వర్డు మానిటర్ కింద అంటించిన పసుపు చీటీ మీద. ఓటీపీ వస్తే సార్ ఫోన్‌కి వెళ్తుంది, సార్ కోర్టులోనో కమర్షియల్ టాక్స్ ఆఫీసులోనో ఉంటే పని ఆగిపోతుంది. అందుకని రెండంచెల తనిఖీ కూడా తీసేస్తారు.

ఈ ఒక్క పనితో మిగతా జాగ్రత్తలన్నీ వృథా. ఎవరు చెరిపారు, ఎవరు డౌన్‌లోడ్ చేశారు అని చూస్తే ప్రతి వరుసలోనూ ఒకే పేరు. ఒకరు మానేస్తే అందరికీ పాస్‌వర్డు మార్చాలి, అది ఎవరూ మార్చరు. జీతాల ఫైలు కొందరికే కనపడాలన్నా కుదరదు.

ఇది కేవలం సౌకర్యం గురించిన మాట కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా బయటికి పొక్కిందని తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు చెప్పాలి, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్లు రాసుకునే చిట్టాలు) 180 రోజులు దాచాలి. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చారు. తగిన భద్రతా ఏర్పాట్లు చేయనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. చిన్న ఆఫీసుకు అంత పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరి వివరాలు బయటికి పోయాయో వాళ్లకు కూడా మనం చెప్పాల్సి వస్తుంది, అదీ అసలు సంగతి. ఏ ఫైలు, ఎవరు, ఎప్పుడు అన్నది తెలిస్తేనే చెప్పగలం. అందరికీ ఒకే లాగిన్ ఉంటే ఆ ప్రశ్నకు జవాబే ఉండదు.

పాస్‌వర్డు విషయంలో పెద్ద కంపెనీలకే దెబ్బ తగిలింది. 2012లో డ్రాప్‌బాక్స్ ఉద్యోగి ఒకరి అకౌంటులోకి, దొంగిలించిన పాస్‌వర్డుతో ఎవరో దూరారు. ఆ అకౌంటులో వినియోగదారుల ఈమెయిళ్లున్న ఒక డాక్యుమెంటు ఉందని ఆ కంపెనీయే అప్పట్లో చెప్పింది. ఆ ఏడాది నష్టం అసలు ఎంతో 2016లో బయటపడింది: 6 కోట్ల 80 లక్షలకు పైగా అకౌంట్ల ఈమెయిళ్లు, హ్యాష్ చేసిన (నేరుగా చదవలేని రూపంలోకి మార్చిన) పాస్‌వర్డులు. ఆ తర్వాత డ్రాప్‌బాక్స్ చాలా మారింది, ఆ సర్వీసు వద్దని నేను అనను. కానీ ఏ సర్వీసు కొన్నా మనిషికో లాగిన్, ప్రతి లాగిన్‌కూ రెండంచెల తనిఖీ ఉండాల్సిందే. అందరికీ విడివిడిగా కొనే స్తోమత లేకపోతే రోజూ ఫైళ్లు ముట్టుకునే నలుగురికే కొనండి. మిగతావాళ్లకు కావాల్సిన ఫైళ్లు ఆ నలుగురే ఇస్తారు.

లింకు అంటే తాళంచెవి

2020 జూలైలో మైక్రోసాఫ్ట్ ఏఐ పరిశోధకులు, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్‌ సైటులో ఒక డౌన్‌లోడ్ లింకు పెట్టారు. వాళ్లు ఇవ్వాలనుకున్నది కొన్ని ఏఐ మోడళ్లు మాత్రమే. ఆ లింకు మాత్రం మొత్తం స్టోరేజీ అకౌంటుకు తాళంచెవి అయి కూర్చుంది. చూసే హక్కుతో పాటు మార్చే, చెరిపే హక్కు కూడా ఇచ్చేసింది. దాని గడువును తర్వాత 2051 అక్టోబరు దాకా పొడిగించారు. లోపల 38 టీబీ డేటా, ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల బ్యాకప్‌లతో సహా. విజ్ అనే భద్రతా సంస్థ 2023 జూన్‌లో కనిపెట్టి చెప్పేదాకా అది అలాగే ఉంది.

మన ఆడిటర్ ఆఫీసులో అమ్మాయి చేసినదానికీ దీనికీ పోలిక చూడండి. ఒక ఫైలు ఇవ్వాల్సినచోట మొత్తం ఫోల్డరు, చూడటం చాలినచోట మార్చే హక్కు, ఒక రాత్రికి కావాల్సినదానికి గడువే లేదు. మూడు తప్పులూ అవే. మీరు కొనే సర్వీసు ఈ మూడింటినీ ఎంత సులువుగా సరిచేయనిస్తుందో చూసుకోవాలి.

ఈ విషయంలో నా ఓటు మైక్రోసాఫ్ట్‌కే. షేర్‌పాయింట్‌లో షేర్ నొక్కగానే లింకు ఎవరికో అడుగుతుంది: ఎవరికైనా, మన సంస్థలోవాళ్లకు, ఇప్పటికే హక్కున్నవాళ్లకు, ఫలానా మనుషులకు. అడ్మిన్ ఒకసారి కూర్చుని 'ఎవరికైనా' అన్నదాన్ని మొత్తానికే మూసేయొచ్చు. లేదా అలాంటి ప్రతి లింకూ ఇన్ని రోజులకు చచ్చిపోవాలని పెట్టొచ్చు. అంటే గడువు హడావిడిలో ఉన్న ఉద్యోగి తొందరపడ్డా తలుపు దానంతటదే మూసుకుంటుంది. 'ఫలానా మనుషులకు' అన్న లింకు బయటివాళ్లకు పంపితే వాళ్ల మెయిల్‌కు ధ్రువీకరణ కోడ్ వెళ్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటు లేని క్లయింటు కూడా తెరవగలడు.

గూగుల్ వర్క్‌స్పేస్‌లో కూడా బయటికి షేర్ చేయడాన్ని అడ్మిన్ కట్టడి చేయగలడు. బిజినెస్ స్టాండర్డ్, ఆ పై ప్లాన్లలో ఒక మనిషికి ఇచ్చిన హక్కుకు గడువు తేదీ పెట్టొచ్చు. గూగుల్ అకౌంటు లేనివాళ్లను పిన్ నంబరుతో లోపలికి రానిచ్చే ఏర్పాటు కూడా ఉంది. అది ఆన్ చేసి ఉంటే, యాహూ మెయిల్ వాడే పెద్దవాళ్లకు 'ఎనీవన్' లింకు పంపాల్సిన పనే రాదు. ఉచిత జీమెయిల్ డ్రైవ్‌లో ఈ గడువు, ఈ పిన్ ఉండవు. డ్రాప్‌బాక్స్‌లో లింకుకు పాస్‌వర్డు, గడువు పెట్టాలంటే డబ్బు కట్టే ప్లాను కావాలి. నెక్స్ట్‌క్లౌడ్‌లో రెండూ ఉచితంగానే ఉన్నాయి, గడువు లేని లింకు ఎవరూ చేయకుండా అడ్మిన్ కట్టడి చేయొచ్చు కూడా.

'డౌన్‌లోడ్ కుదరదు' అన్న టిక్కును మరీ నమ్ముకోకండి. తెర మీద కనపడేదాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. అది అలవాటుగా జరిగే డౌన్‌లోడ్‌లను ఆపుతుంది. కావాలని తీసుకునేవాణ్ని ఆపదు.

ఇక పంపడం గురించే అందరూ మాట్లాడతారు గానీ తీసుకోవడమూ అంతే ముఖ్యం. క్లయింట్లు తమ ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎక్కడికి పంపుతున్నారు? ఆఫీసులో ఎవరో ఒకరి సొంత వాట్సాప్‌కి. ఆ ఫోన్ గ్యాలరీలో అవన్నీ పెళ్లి ఫోటోల పక్కన ఉంటాయి. దీనికి చక్కని మందు ఉంది. డ్రాప్‌బాక్స్‌లో 'ఫైల్ రిక్వెస్ట్', వన్‌డ్రైవ్ బిజినెస్‌లో 'రిక్వెస్ట్ ఫైల్స్', నెక్స్ట్‌క్లౌడ్‌లో 'ఫైల్ డ్రాప్'. ఒక లింకు ఇస్తే క్లయింటు అందులో కాగితాలు వేయగలడు, లోపల ఇంకేముందో చూడలేడు. గుడి హుండీ లాంటిది. డ్రాప్‌బాక్స్‌ది అన్నిటికన్నా సాఫీగా ఉంటుంది, లాగిన్ అడగదు, ఉచిత అకౌంటులోనూ పనిచేస్తుంది. గూగుల్‌లో ఫారం ద్వారా ఫైలు తీసుకోవచ్చు గానీ పంపేవాళ్లు గూగుల్ అకౌంటుతో లాగిన్ అవ్వాలి.

ఎవరికి ఎంత హక్కు

ఇది త్వరగా చెప్పేస్తాను. గూగుల్‌లో చూడటం, వ్యాఖ్య రాయడం, మార్చడం అని మూడు మెట్లు. షేర్డ్ డ్రైవ్‌లో ఐదు: మేనేజర్, కంటెంట్ మేనేజర్, కంట్రిబ్యూటర్, కామెంటర్, వ్యూయర్. వీటిలో నాకు బాగా నచ్చేది కంట్రిబ్యూటర్. కొత్తవి చేర్చగలడు, ఉన్నవి మార్చగలడు, చెరపలేడు, వేరేచోటికి జరపలేడు. కొత్తగా చేరినవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. మామూలు 'ఎడిటర్' హక్కు ఇచ్చేటప్పుడు పైన చిన్న గేర్ బొమ్మ నొక్కి చూడండి, ఎడిటర్లు ఇంకొకరికి షేర్ చేయొచ్చన్న టిక్కు మొదటినుంచీ పెట్టే ఉంటుంది. తీసేయండి.

హక్కులు మనుషుల పేర్ల మీద కాకుండా గ్రూపుల మీద ఇవ్వండి. 'ఆడిట్', 'జీఎస్టీ', 'జీతాలు' అని మూడు గ్రూపులు చేస్తే, మనిషి చేరినప్పుడు గ్రూపులో కలపడం, వెళ్లినప్పుడు తీసేయడం, అంతే పని. జీతాల ఫోల్డరును ఎప్పుడూ పెద్ద ఫోల్డరు లోపల పెట్టకండి. పై ఫోల్డరు హక్కు కింది ఫోల్డరులోకి తనంతట తనే దిగుతుంది. షేర్‌పాయింట్‌లో ఆ దిగుడును మధ్యలో తెంచొచ్చు గానీ, పదిచోట్ల తెంచాక ఏడాది తర్వాత ఎవరికి ఏం కనపడుతుందో చేసినవాళ్లకే తెలియదు. రహస్యం వేరైతే దానికి షేర్‌పాయింట్‌లో సైటూ (విడి గది) వేరుగా ఉండాలి.

సరే, ఏది తీసుకోవాలి?

ఎక్సెల్‌తోనే రోజు గడిచే ఆఫీసులు, అంటే ఆడిటర్లు, టాక్స్ ప్రాక్టీషనర్లు, కాంట్రాక్టర్ల లెక్కలు చూసేవాళ్లు, మైక్రోసాఫ్ట్ 365 వైపు వెళ్లడం మంచిది. ఎన్నో ఏళ్లుగా రాసుకున్న మ్యాక్రోలు (ఎక్సెల్‌లో పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే చిన్న ప్రోగ్రాములు) గూగుల్ షీట్స్‌లో నడవవు. డ్రాప్‌బాక్స్‌లో ఒకే ఎక్సెల్ ఫైలు ఇద్దరు విడివిడిగా మార్చి సేవ్ చేస్తే 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అని రెండోది పుడుతుంది, ఏది సరైనదో వెతుక్కోవాలి. షేర్‌పాయింట్‌లోని ఎక్సెల్‌ను ఇద్దరూ ఒకేసారి తెరిచి పనిచేసుకోవచ్చు. కంప్యూటర్లలో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ముందే కొనుక్కుని ఉంటే బిజినెస్ బేసిక్ ప్లాను చాలు, మనిషికి 1 టీబీ వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్, టీమ్స్ వస్తాయి. లోపం ఒకటే: సెట్టింగులు ఒక అడవి. మొదటిసారి తెలిసినవాళ్ల చేత పెట్టించుకోవాలి.

బ్రౌజర్‌లోనే పని అంతా చేసుకునే చిన్న బృందాలకు, ట్రైనింగ్ సెంటర్లకు, స్వచ్ఛంద సంస్థలకు, నలుగురైదుగురుండే స్టార్టప్‌లకు గూగుల్ వర్క్‌స్పేస్ హాయిగా ఉంటుంది. అందరికీ జీమెయిల్ అలవాటే కాబట్టి నేర్పే పని తక్కువ. షేర్డ్ డ్రైవ్ ఉన్న ప్లానే తీసుకోవాలన్నది ఒక్కటే షరతు. ఆ షరతు కోసం నేను క్లయింట్లతో గట్టిగానే వాదిస్తాను.

ఆర్కిటెక్టులు, వీడియో ఎడిటర్లు, పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలు ఒకసారి డ్రాప్‌బాక్స్ చూడండి. పెద్ద ఫైలులో మారిన ముక్కనే పైకి పంపుతుంది, మొత్తం ఫైలును కాదు. ఒకే ఆఫీసులోని కంప్యూటర్లు ఇంటర్నెట్ మీద భారం వేయకుండా ఒకదాని నుంచి ఒకటి ఫైళ్లు అందుకోగలవు. మన ఊళ్లలో అప్‌లోడ్ వేగం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఉచితంగా ఇచ్చేది 2 జీబీయే కాబట్టి దాంతో నెట్టుకురావాలని చూడొద్దు.

ఖర్చు చూసుకునే ఆఫీసులకు, మన దేశంలోనే డేటా ఉండాలనుకునేవాళ్లకు జోహో వర్క్‌డ్రైవ్ మంచి బేరం. కంపెనీ చెన్నైది, డేటా సెంటర్లు భారత్‌లో ఉన్నాయి, బిల్లు రూపాయల్లో జీఎస్టీతో వస్తుంది. ఇప్పటికే జోహో బుక్స్ వాడుతుంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఎక్సెల్‌లో బరువైన పని ఉంటే మాత్రం ముందు మీ అసలు ఫైళ్లు రెండు తెరిచి చూసుకోండి. డేటా ఎక్కడుందన్నది కంపెనీల చట్టం కింద రిజిస్టరైనవాళ్లకు ఇష్టాయిష్టాల విషయం కాదు. లెక్కల పుస్తకాలు ఎలక్ట్రానిక్‌గా ఉంచుకుంటే వాటి బ్యాకప్ భారత్‌లో ఉన్న సర్వర్‌లో ఉండాలి. 2022 ఆగస్టు సవరణ తర్వాత అది రోజువారీ బ్యాకప్ కావాలి. ఏ సర్వీసు తీసుకున్నా ఈ ఒక్క ముక్క అమ్మేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

నెక్స్ట్‌క్లౌడ్ అంటే నాకు మక్కువ. 2016లో ఓన్‌క్లౌడ్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది, లైసెన్సు ఖర్చు లేదు, డేటా మీ గడప దాటదు. అయినా పది ఆఫీసులు అడిగితే తొమ్మిదింటికి వద్దనే చెబుతాను. 2019 అక్టోబరులో, ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ మీద, నెక్స్ట్‌క్లౌడ్ రాసిన పీహెచ్‌పీ భాషను నడిపే పద్ధతిలో ఒక లోపం బయటపడింది. వెంటనే సరిచేసుకోమని నెక్స్ట్‌క్లౌడ్ వాళ్లు హెచ్చరించారు. నెల తిరగకుండానే నెక్స్ట్‌క్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి, తీయడానికి డబ్బడిగే ప్రోగ్రాము), సరిచేసుకోని సర్వర్ల మీద పడి ఫైళ్లకు తాళాలేసింది. హెచ్చరిక వచ్చిన రాత్రే లేచి అప్‌డేట్ చేసే మనిషి మీ దగ్గర ఉన్నాడా? ఉంటే తప్పకుండా తీసుకోండి. కరెంటు పోతే యూపీఎస్, డిస్కు పోతే రెండో కాపీ, ఇవి కూడా అతని పనే.

డబ్బే లేదు, ఉచిత అకౌంట్లతోనే నడవాలి అంటారా? అప్పుడు యజమాని చేతిలో ఉండే ఒక ఆఫీసు జీమెయిల్ పెట్టండి, పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దు. ఫోల్డర్లే కాదు, ఫైళ్లు కూడా ఆ అకౌంటు నుంచే సృష్టించి, మిగతావాళ్లకు వాళ్ల సొంత మెయిళ్ల మీద ఎడిటర్ హక్కు ఇవ్వండి. పట్టా అప్పుడు ఆఫీసు పేరు మీద ఉంటుంది. కొంచెం చాకిరీయే, కానీ పసుపు చీటీ కంటే వెయ్యి రెట్లు నయం. రెండేళ్లు ఎవరూ తెరవని అకౌంటును గూగుల్ తీసేయొచ్చు కాబట్టి, పాత ఫైళ్ల కోసమని విడిగా ఒక అకౌంటు పెట్టి మరిచిపోకండి.

మారేముందు

ట్యాలీ వాడేవాళ్లకు ఒక్క మాట. నడుస్తున్న ట్యాలీ డేటా ఫోల్డరును వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో సింక్ (ఫైలు మారినప్పుడల్లా క్లౌడ్ కాపీనీ దానంతటదే మార్చే పద్ధతి) పెట్టకండి. అది ఒక ఫైలు కాదు, కలిసి పనిచేసే ఎన్నో ఫైళ్లు. ఎంట్రీ వేస్తుండగా సింక్ మధ్యలో దూరితే డేటా చెడిపోతుంది. రాత్రి ట్యాలీలో బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలునే క్లౌడ్‌కి పంపండి. సింక్ అనేది బ్యాకప్ కాదని కూడా గుర్తుండాలి: కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ పడితే, పాడైన ఫైళ్లే పైకి సింక్ అవుతాయి. వన్‌డ్రైవ్ బిజినెస్‌లో గడిచిన 30 రోజుల్లో ఏదో ఒక సమయానికి మొత్తాన్ని వెనక్కి తిప్పే వీలుంది, డ్రాప్‌బాక్స్ డబ్బు కట్టే ప్లాన్లలో 'రివైండ్' ఉంది. అవి ఉన్నా నెలకోసారి బయటి హార్డ్ డిస్కులోకి ఒక కాపీ తీసి, కంప్యూటర్ నుంచి విప్పి బీరువాలో పెట్టించుతాను నేను.

కొత్త సర్వీసుకు మారే వారంలో పాతదాన్ని ఊడ్చాలి. ప్రతి ఉద్యోగి పక్కన కూర్చుని, డ్రైవ్ వెతికే పెట్టెలో ఇంగ్లీషులో owner: అని రాసి, పక్కన వాళ్ల మెయిల్ కొట్టి చూడండి. ఆఫీసు ఫైళ్లు ఎన్ని వాళ్ల పేరు మీద ఉన్నాయో బయటపడుతుంది. సొంత జీమెయిల్ నుంచి వర్క్‌స్పేస్ అకౌంటుకు ఓనర్‌షిప్ నేరుగా బదిలీ కాదు. కాపీ చేసుకుంటే అందులో పాత మార్పుల చరిత్ర రాదు. అందుకే ముఖ్యమైన షీట్లకు పాతదాన్ని పీడీఎఫ్‌గానో ఎక్సెల్‌గానో కూడా దించిపెట్టుకోవాలి. మా ఆడిటర్ గారి ఆఫీసులో ఈ పనికి రెండు సాయంత్రాలు పట్టింది. 'ఎనీవన్' అని తెరిచి ఉన్న ఫోల్డర్లు నలభై ఒకటి తేలాయి. వాటిలో మూడింటిని ఎవరు, ఎందుకు తెరిచారో ఎవరికీ గుర్తులేదు. ఆ అమ్మాయే కూర్చుని ఒక్కొక్కటీ మూసింది, డల్లాస్ అబ్బాయికి మళ్లీ అతని మెయిల్ పేరు మీద, ఒక్క ఫైలే, వచ్చే జూలై 31 గడువుతో ఇచ్చింది. ఈసారి అతని మెయిల్‌కు కోడ్ వెళ్లింది. తెరుచుకోలేదని ఫోన్ రాలేదు.